గాజు పళ్ళెంలో గెలిచిన ఆకు

వానలు ముదిరి సముద్రం రంగు మారిందంటే మొగపేటలో తెల్లవారేసరికి ఒక చేదు వాసన లేస్తుంది. రామమందిరం పక్క పాకలో, మూడు రాళ్ళ పొయ్యి మీద, పెద్ద అల్యూమినియం గిన్నెలో నేలవేము మరుగుతూ ఉంటుంది. ఆకు, కాడ, వేరు అన్నీ కలిపి మరిగిస్తారు. వేటకు పోయే మగవాళ్ళు, చేపల తట్టలు ఎత్తుకుని ఊళ్ళ మీదకు బయల్దేరే ఆడవాళ్ళు అక్కడ ఆగి తలా ఒక గ్లాసు తాగుతారు. మొహం చిట్లించుకుని, చిన్న బెల్లంముక్క నోట్లో వేసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

కాచి పోసేది అప్పలసూరి. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగి సముద్రం మీదకు పోవడం మానేశాక ఊరికి ఏదో ఒకటి చెయ్యాలని ఆయన పెట్టుకున్న పని ఇది. ఎక్కడో మెట్ట పొలాల గట్ల మీదకు కర్ర ఊతంతో మెల్లగా వెళ్ళి మొక్కలు పీక్కొస్తాడు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించడు. పాక స్తంభానికి ఒక పేపరు ముక్క, తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో పెట్టి, అతికించి ఉంటుంది. రాజాంలో ఒక కాలేజీ లెక్చరర్ ఫొటో, దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఫ్లూ జ్వరాలకు విరుగుడు మన నేలవేమే’ అన్న వార్త. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. వినివిని ఊరంతటికీ అది నోటికి వచ్చేసింది.

చూసేవాళ్ళకు ముచ్చటైన దృశ్యమే. కులపెద్ద కాకపోయినా పెద్దవాడు, చేతిలో గరిటె, చుట్టూ జనం. ఇందులో తప్పేముందని ఎవరైనా అడుగుతారు. ఆ గిన్నెను నమ్ముకుని ఒక ప్రాణం పోయి ఉండవచ్చని ఊళ్ళో ఒక్క మనిషికే అనుమానం. ఆ మనిషి గున్నమ్మ. ఆమె ఏడాదిగా ఆ పాక ముందు నుంచి నడవకుండా, వెనక సందులోంచి ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్తోంది.

కిందటేడు ఇవే వానల్లో ఆమె భర్త పోతురాజుకు జ్వరం తగిలింది. మొదట రొంప, ఒళ్ళునొప్పులు. ఊరంతటికీ ఉన్నదే కదా అనుకున్నారు. అప్పలసూరి పూటకు రెండు గ్లాసులు స్వయంగా పంపించాడు. నాలుగో రోజుకు దగ్గు లోపలికి దిగింది. అయిదో రోజు పోతురాజు పడుకోలేక గోడకు ఆనుకుని కూచున్నాడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు.

“ఆసుపత్రికి పోదాం” అంది గున్నమ్మ.

“ఇంకో గ్లాసు ఒట్రాయే. తగ్గిపోతాది. పేపర్లో ఏసినారు గదా” అన్నాడు పోతురాజు.

ఆమె వెళ్ళి తెచ్చింది. అతని తల తన భుజానికి ఆనించుకుని తాగించింది. ఆరో రోజు మధ్యాహ్నానికి గోళ్ళు నీలంగా మారాయి. 108 వచ్చింది. పెద్దాసుపత్రి గేటు దాటాక అరగంట కూడా బతకలేదు. యాభై రెండేళ్ళ మనిషి, అంతకు పది రోజుల ముందు ఒంటిచేత్తో లంగరు లాగినవాడు.

బయట వరండాలో డాక్టరమ్మ గున్నమ్మ పక్కనే నిలబడింది. చిన్న వయసు అమ్మాయి, ఆమె కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. “రెండు రోజుల ముందు తెచ్చుంటే బతికించే వీలుండేదమ్మా” అని మెల్లగా అంది. అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

ఆ ఒక్క మాటతో గున్నమ్మ ఊళ్ళోకి తిరిగి వచ్చింది. అప్పలసూరి పాడెకు తనూ ఒక భుజం పట్టాడు. దినాలయ్యే వరకూ రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూచుని ఏడ్చాడు. “మందు గూడా తాగినాడే. అయినా ఎల్లిపోనాడు. ఆయుస్సు లేదు” అని పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు. గున్నమ్మ తల ఊపింది. డాక్టరమ్మ మాట చెబితే ఆ ముసలాయన ఏమైపోతాడు? తాగించిన తను ఏమైపోతుంది? అదీగాక డాక్టరమ్మ మాట నిజమో, పేపరు మాట నిజమో తేల్చుకునే చదువు ఆమెకు లేదు.

పిల్లలు లేని ఇల్లు. సాయంత్రం ఎండుచేపల తట్ట దించి, ఒక్క మనిషికి సరిపడా బియ్యం కడిగి, పొయ్యి దగ్గర కూచుంటే ఆ మాట వచ్చి ఎదురుగా కూచునేది. రెండు రోజుల ముందు. ఎవరితోనైనా చెప్పుకుంటే బరువు తగ్గుతుంది. చెప్పుకోవడానికి మనిషి లేక కాదు. ఊరి నిండా మనుషులే. వాళ్ళందరికీ ఆ గిన్నె మీద నమ్మకం. ఆ నమ్మకం మధ్యలో ఆమె ఒంటరి.

మళ్ళీ వానలొచ్చాయి. మళ్ళీ గిన్నె పొయ్యి మీదికెక్కింది. పక్కింటి గౌరి గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి తాగుతోంది. గౌరి పోతురాజు తమ్ముడి భార్య, గున్నమ్మకు తోడికోడలు. మొగుడు కొండబాబు ఈ వైపు చాలామంది లాగే గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళాడు, వేసవికి గాని రాడు. గౌరికి అయిదో నెల.

“ఆ పేపరులో ఉన్నాయన పేరేటే?” అని అడిగింది గున్నమ్మ.

“జగన్నాధం గారట. రాజాం కాలేజీ. ఏటక్కా, ఇన్నాళ్ళకి అడుగుతన్నావు?”

“ఊరికినే.”

మర్నాడు గున్నమ్మ మొదటి బస్సెక్కింది. ఉత్తచేతులతో పెద్దమనిషి దగ్గరకు వెళ్ళడం మర్యాద కాదని ఎండు మెత్తళ్ళ చేపలు పొట్లం కట్టుకుంది. శ్రీకాకుళంలో బస్సు మారాక పక్కన కూచున్న ఆమె ముక్కు మూసుకుని లేచి వెనక సీటుకు పోయింది. రాజాం దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. గున్నమ్మ పొట్లాన్ని కొంగు కింద దాచుకుని, కిటికీలోంచి వరి చేలు చూస్తూ, అడగవలసిన ప్రశ్నను లోలోపల వల్లె వేసుకుంది.

కాలేజీలో ముగ్గుర్ని అడిగాక మేడ మీద చివరి గది చూపించారు. పేపరులో ఫొటో కన్నా పదేళ్ళు పెద్దగా ఉన్నాడు జగన్నాధం. నలభై అయిదేళ్ళుంటాయి. గది నిండా సీసాలు, ఎండిన ఆకుల సంచులు. ఆయనొక్కడే ఉన్నాడు.

“రండమ్మా, ఎవరు కావాలి?”

“మీరే బాబూ. నేలవేము సంగతి సెప్తారని వచ్చినాను. అది తాగితే ఊపిరాడని మనిసి బతుకుతాడా?”

కుర్చీ జరిపి కూచోమన్నాడు. ఆమె కింద కూచోబోతే వద్దన్నాడు. భర్త సంగతి గున్నమ్మ అంతా చెప్పింది. ఏడాదిలో మొదటిసారి చెప్పింది, అదీ ముక్కూమొహం తెలియని మనిషికి. డాక్టరమ్మ అన్న మాటా చెప్పింది.

జగన్నాధం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, నేను చేసిందేమిటో చెబుతాను వినండి. ఈ మొక్కలో చేదు పదార్థం ఒకటుంది. దాన్ని విడదీసి విశాఖలో ఒక ల్యాబుకు పంపాను. అక్కడ చిన్న గాజు పళ్ళెంలో మనిషి ఊపిరితిత్తుల కణాల్ని పెంచుతారు. కణాలంటే కంటికి కనిపించనంత చిన్న చిన్న ముక్కలనుకోండి. వాటి మీద వైరస్ వేసి, తర్వాత ఈ చేదు పదార్థం వేశారు. వైరస్ పెరగడం తగ్గింది. నేను చూసింది అంతే.”

“అయితే పని సేసినట్టే గదా?”

“గాజు పళ్ళెంలో చేసింది. ఆ పళ్ళెంలో సబ్బునీళ్ళు పోసినా వైరస్ చస్తుందమ్మా. సబ్బునీళ్ళు మనం తాగం కదా. ఈ కషాయం తాగితే ఆ పదార్థం ఊపిరితిత్తుల దాకా సరిపడా వెళ్తుందా, వెళ్తే అక్కడా అలాగే పని చేస్తుందా, ఎంత తాగితే మంచిది, ఎంత తాగితే చెడుపు, ఇవేవీ నేను తేల్చలేదు. దానికింకా ఏళ్ళు పడుతుంది. అప్పటికీ కాదని తేలవచ్చు.”

“మనుసుల మీద సూడనేదా?”

“నేను చూడలేదు.”

“మరి పేపర్లో అలాగేసినారేటి?”

కింద ఎక్కడో పిల్లలు తరగతి మారుతున్న చప్పుడు వినిపించింది.

“‘మందు కావచ్చు, ఇంకా చూడాలి’ అని చెప్పాను. వాళ్ళు ‘మందు దొరికింది’ అని రాశారు. ఫోన్ చేసి సరిచేయమని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఈ గదిలో ఏం చేస్తున్నానో అడిగినవాళ్ళు లేరమ్మా. ఆ రోజు అందరూ వచ్చి చేతులు కలిపారు, దండ వేశారు. ఇప్పుడు చెప్పొచ్చు, రేపు చెప్పొచ్చు అనుకున్నాను. అలా ఏడాది దాటిపోయింది.”

గున్నమ్మకు కోపం రాలేదు. ఎదుటి మనిషీ తనలాగే ఒక మాటను మింగి కూచున్నాడని ఆమెకు అర్థమైంది. తను అడగడానికి వచ్చిన అసలు ప్రశ్న అడిగింది.

“ముందే ఆసుపత్రికి తీసుకుపోయుంటే మా ఆయన బతికేవాడా బాబూ?”

“నేను డాక్టర్ని కాదు. కానీ చూసిన డాక్టరు చెప్పారు కదమ్మా. ఆ మాట నిజమనే నేను అనుకుంటున్నాను.” మళ్ళీ ఆయనే అడిగాడు: “మీ ఊళ్ళో గర్భిణులు ఎవరైనా తాగుతున్నారా? వాళ్ళకు ఇది మంచిది కాదేమోనన్న అనుమానం ఉంది. తాగనివ్వకండి.”

గున్నమ్మకు గౌరి గుర్తొచ్చింది. “మీరొచ్చి మా ఊళ్ళో ఈ మాట సెప్పండి. నా మాట ఎవులూ ఇనరు” అంది. వస్తానన్నాడు, వీలు చూసుకుని వస్తానన్నాడు. ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చాడు. ఆమె మెత్తళ్ళ పొట్లం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఊరు చేరగానే గౌరితో చెప్పింది. గౌరి నవ్వింది.

“ఊరంతా తాగుతన్నారక్కా. సూరి మావ నాకు మరీ పలసన చేసి పోస్తన్నాడు. బావ పోయిన కాడ్నించి నీకు ఆ గిన్నంటేనే పడదు. నాకు తెల్దేటి?”

గున్నమ్మ జగన్నాధానికి రెండుసార్లు ఫోన్ చేయించింది. మోగింది, తీయలేదు. ఆయనకు వీలు కుదరలేదో, ధైర్యం కుదరలేదో.

పది రోజులు గడిచాయి. గౌరికి జ్వరం వచ్చింది. రెండు రోజులు లేచి తిరిగింది, మూడో రోజు లేవలేదు. గున్నమ్మ జావ కాచి తీసుకెళ్ళేసరికి గౌరి గోడకు ఆనుకుని కూచుని ఉంది. “పడుకుంటే ఆయాసం వస్తందక్కా” అంది. ఆ కూచోవడం గున్నమ్మకు తెలుసు. పక్కన అప్పలసూరి, చేతిలో గ్లాసు.

“ఇంక సాలు మావా. ఆసుపత్రికి తీసుకుపోదాం” అంది గున్నమ్మ.

“ఆసుపత్రి ఎక్కడున్నాదే? ఇరవై కిలోమీటర్లు. ఎల్తే ఒకరోజు డాక్టరుంటాడు, ఒకరోజు ఉండడు. ఈ ఆకు మన గుమ్మంలో ఉన్నాది. మనల్ని ఇన్నాళ్ళు ఎవులు సూసినారు, ఇదే సూసింది” అన్నాడు అప్పలసూరి. ఆయన మాటలో అబద్ధం లేదు. ఈ ఊరికి సరైన వైద్యం దగ్గరగా ఉండి ఉంటే ఆ గిన్నె ముందు అంతమంది నిలబడేవారు కాదు.

“పోతురాజుని సూసింది గదా” అంది గున్నమ్మ.

నోరు జారిన మాట కాదది. ఏడాదిగా లోపలున్న మాట. అప్పలసూరి గ్లాసు కింద పెట్టేశాడు. వాకిట్లో చేరిన ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. “పెద్దాయన్ని పట్టుకుని ఏటే ఆ మాట” అని ఒకామె కసిరింది. గున్నమ్మ గౌరి ఫోన్ తీసుకుని 108కి చేయించింది. బండి వచ్చేదాకా గౌరి వీపు నిమురుతూ కూచుంది. బండి ఎక్కించడానికి ఒక చెయ్యి సాయం పట్టిన వాళ్ళున్నారు, వెంట ఎక్కిన వాళ్ళు లేరు.

ఆసుపత్రిలో వేలికి ఒక క్లిప్పు పెట్టి అంకె చూసి నర్సు పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టారు. ఫ్లూ అని తేల్చి అదే పూట మాత్రలు మొదలుపెట్టారు. ఏం తాగారని డాక్టరు అడిగితే గున్నమ్మ దాచకుండా చెప్పింది. “సమయానికి తెచ్చారు” అన్నాడాయన. ఆ మాట విని గున్నమ్మ వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి, అప్పుడు ఏడ్చింది. సంతోషానికో, పోతురాజుకో ఆమెకే తెలియలేదు.

అక్కణ్ణుంచే జగన్నాధానికి మళ్ళీ ఫోన్ చేయించింది. ఈసారి తీశాడు.

“మా తోడికోడలు ఆక్సిజన్ మీదున్నాది బాబూ. కడుపుతో ఉన్న గుంట. మీ ఫొటో సూసే తాగింది” అంది. అంతే అని ఫోన్ పెట్టేసింది.

గౌరి నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. తొమ్మిదో రోజున ఇంటికొచ్చింది. కడుపులో బిడ్డ బాగానే ఉందన్నారు. గుజరాత్ నుంచి కొండబాబు ఫోన్ చేసి “వదినా” అని పిలిచి ఏడ్చేశాడు.

ఊరు మాత్రం గున్నమ్మతో మాట్లాడలేదు. అప్పలసూరి ఆ రోజు నుంచీ పొయ్యి వెలిగించలేదు. పాకలో ఒక మూల మోకాళ్ళు పట్టుకుని కూచునేవాడు. పెద్దాయన ఉసురు పోసుకుందని ఆడవాళ్ళు గున్నమ్మకు వినపడేలాగే అనుకున్నారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే తక్కినవాళ్ళు రెండడుగులు దూరం జరిగేవారు. ఒక మనిషిని కాపాడిన తర్వాత కూడా ఆమె ఇంట్లో ఒక్క మనిషి అన్నమే ఉడికింది.

ఆ ఆదివారం పొద్దున్న పది గంటలకు జగన్నాధం మొగపేట వచ్చాడు. రాజాం నుంచి మోటార్ సైకిల్ మీద, వానలో తడిసి వచ్చాడు. పేపరులో మనిషి వచ్చాడన్న మాట క్షణంలో పాకింది. పాక ముందు జనం చేరారు. ఎవరో కుర్చీ వేశారు. ఆయన కూచోలేదు.

గున్నమ్మతో చెప్పినదంతా ఊరికీ చెప్పాడు. గాజు పళ్ళెం సంగతి, ఆయన తేల్చని సంగతులు, పేపరు వార్త తప్పని తెలిసీ ఊరుకోవడం, అన్నీ చెప్పాడు. “ఆ తప్పు నాది. మీ పెద్దాయనది కాదు” అన్నాడు. కొందరికి అర్థమైంది, కొందరికి నచ్చలేదు. “మా తాతలు తాగినారు, బతికినారు” అని వెనక నుంచి ఒకాయన అన్నాడు.

“తాగి బతికినవాళ్ళు మనకు కనిపిస్తారు. తాగి పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదండీ” అన్నాడు జగన్నాధం. “జలుబు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గిన జలుబును చూసి ఆకు తగ్గించిందని అనుకుంటాం. తగ్గనివాడి దగ్గరే తేడా తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.”

అప్పలసూరి మూలనుంచి లేచాడు. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

“అయితే పోతురాజుని నానే సంపీసినట్టా బాబూ?”

జనం తల దించుకున్నారు. గున్నమ్మ అందరికీ వెనకాల నిలబడి ఉంది. ఆమె ముందుకొచ్చింది.

“నువ్వు పోసినావు, నాను తాగించినాను, ఆయన తాగినాడు. ముగ్గురం మంచే అనుకున్నాం మావా. రెండు రోజుల ముందు తెచ్చుంటే బతికించే వీలుండేదని ఆ డాక్టరమ్మ నాతో అన్నాది. ఏడాదై ఈ మాట ఎవులికీ సెప్పనేదు. నీకు సెప్తే నువ్వు బతకలేవనుకున్నాను. సెప్పకపోతే గౌరి బతికేది కాదు. అందుకే ఆ రోజు అలగన్నాను.”

“ఇన్నాళ్ళు ఒక్కర్తివే మోసినావేటే” అన్నాడు అప్పలసూరి. స్తంభానికి జారగిలబడి కూచున్నాడు. గున్నమ్మ వెళ్ళి పక్కన కూచుంది. ఆమెతో మాట్లాడని ఆడవాళ్ళలో ఇద్దరు వచ్చి వెనకాల నిలబడ్డారు.

జగన్నాధం వెళ్ళబోతూ గున్నమ్మ దగ్గర ఆగాడు. క్షమించమని అడగడానికి వచ్చాడని తెలుస్తూనే ఉంది. గున్నమ్మే ముందు మాట్లాడింది.

“మీ పని మానకండి బాబూ. ఆ ఆకులో ఏటున్నాదో కడదాకా సూడండి. పేదోళ్ళకి అందే మందు అయితే మాకే మేలు. గానీ తేలేదాకా ‘అవొచ్చు’ అన్నదాన్ని ‘అయిపోనాది’ అని ఎవుల్నీ అననివ్వకండి.”

ఆయన రాజాం వెళ్ళి పేపరువాళ్ళకు ఉత్తరం రాశాడు. అది లోపలి పేజీలో, చిన్న అక్షరాలతో, నాలుగు లైన్లు వచ్చింది. దాన్ని ఎంతమంది చూశారో తెలియదు. మొగపేటలో కొందరు ఇప్పటికీ ఇంట్లో నేలవేము కాచుకుంటారు. అప్పలసూరి మాత్రం మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. ఎవరికి జ్వరం వచ్చిందని విన్నా కర్ర పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, పడుకుంటే ఆయాసం వస్తోందా అని అడుగుతాడు. అవునంటే 108కి ఫోన్ చేసేదాకా కదలడు. గౌరికి ఆడపిల్ల పుట్టింది. సాయంత్రాలు గున్నమ్మ ఇంట్లో ఇప్పటికీ ఒక్క మనిషికే అన్నం ఉడుకుతుంది. పోయినవాడు తిరిగి రాడు కదా.

మన అడవుల్లో, మన గట్ల మీద మొలిచే మొక్కల్లో రేపటి మందులు ఉండవచ్చు. ఓపికగా వెతికేవాళ్ళకు అవి దొరకనూ వచ్చు. అయితే అవి మందులని తేలేదాకా, ఊపిరి అందని మనిషిని ఆకు మీద నమ్మకంతో ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకండి.